మూత్రాశయమున మచ్చ: ఔషధము చేయగలది, చేయలేనిది

మా బల్మూర్ ప్రాంతమున వానలు పడగానే చేలగట్లపై పల్లేరు నేలనంటి ప్రాకును. "మూత్రమున మంటకు పల్లేరు" అని పెద్దలు చెప్పుదురు. ఆ మాట నిజమే. కాని ఆ మంటకు మూలమేదో తెలియనప్పుడు ఆ పల్లేరే కాలహరణమునకు కారణమగును.

కొన్నేండ్ల క్రితము నలుబది దాటిన ఒక గృహిణి నా వద్దకు వచ్చెను. గంటకు రెండుసార్లు మూత్రము, మంట, రాత్రి నిద్రలేమి. మూత్రకృచ్ఛ్రమని తలచి మూడు మాసములు పల్లేరు కషాయము, చంద్రప్రభావటి ఇచ్చితిని. గుణము స్వల్పము. పిమ్మట పరీక్షలు చేయించగా మూత్రాశయ క్షయ అని తేలినది. అప్పటికే మూత్రాశయము మచ్చలతో కుంచించుకొనిపోయినది. ఆ ఆలస్యము నాదే.

వ్యాధి స్వరూపము

ఆరోగ్యవంతుని మూత్రాశయము సుమారు 400 నుండి 500 మి.లీ. మూత్రమును నిలుపగలదు. దాని కండరము తిత్తివలె సాగుటయే ఇందుకు కారణము. క్షయ, గర్భాశయ ముఖ క్యాన్సరుకు చేసిన రేడియేషన్, ప్రోస్టేటు వాపుచే దీర్ఘకాలము కలిగిన అడ్డు మున్నగువాని వలన గోడలో గట్టి నారవంటి ధాతువు పెరుగును. అపుడు సాగు గుణము తగ్గి, లోని ఒత్తిడి పెరిగి, మూత్రపిండములకు హాని కలుగును. మూత్రాఘాతములను సుశ్రుతుడు 12గా, చరకుడు 13గా వర్ణించిరి.

ఔషధముల హద్దు

ఏర్పడిన మచ్చను పూర్తిగా కరిగించునని రుజువైన మందు ఏ వైద్యమునను లేదు. మందు మూలవ్యాధిని అణచును, బాధను తగ్గించును. క్షయకు ప్రభుత్వాసుపత్రులలో మందులు ఉచితము. సాధారణముగా ఆరు మాసములు వాడవలెను. రిఫాంపిసిన్ వలన మూత్రము నారింజ రంగుగా వచ్చును, భయపడరాదు. గాయము మానునపుడే మచ్చ మరింత బిగియవచ్చును. కావున చికిత్స నడుమ స్కానింగ్ చేయించుకొనుట అవసరము. సాలిఫెనాసిన్, ఆక్సీబ్యూటినిన్ వంటివి కండరపు అదురును తగ్గించును. నోరెండుట, మలబద్ధకము కలుగవచ్చును. మూత్రము పూర్తిగా వెడలని వారు వీనిని వైద్యుని పర్యవేక్షణలోనే వాడవలెను. ప్రోస్టేటు అడ్డుకు తామ్సులోసిన్ మార్గమును సడలించును. మూత్రాశయము మిక్కిలి కుంచించినచో శస్త్రచికిత్సయే శరణ్యము.

గృహవైద్యము

క్షయ వంటి మూలవ్యాధి లేదని తేలిన పిదప, సామాన్యమైన మంటకు ఒక చెంచా పల్లేరు కాయల పొడిని రెండు గ్లాసుల నీటిలో కాచి, అరగ్లాసు మిగిలినపుడు వడగట్టి, ఉదయము త్రాగవచ్చును. బార్లీ నీరు హితము. గర్భిణులు, మధుమేహులు, మూత్రపిండ రోగులు వైద్యుని అడుగక వాడరాదు. మూత్రవేగమును ఆపుకొనరాదు.

ఎప్పుడు జాగు చేయరాదు?

రెండు వారములు దాటిన మంట, మూత్రమున రక్తము, సాయంకాలపు జ్వరము, బరువు తగ్గుట, మామూలు పరీక్షలో చీముకణములున్నను సూక్ష్మక్రిమి కానరాకుండుట: ఇట్టి వారు క్షయ పరీక్షకై వేకువ మూత్రమును మూడు దినములు ఇచ్చి చూపించుకొనవలెను.

నా రోగి చికిత్స పూర్తిచేసికొని నేడు కుదురుగా నున్నది. కాని ఆమె మూత్రాశయము మునుపటి కొలతకు రాలేదు. పల్లేరు మంచిదే. దానికి ముందు పరీక్ష మరింత మంచిది.