నేల చూసి గుడారం

కుళాయి, కరెంటు, మరుగుదొడ్డి, కాపలా ఏవీ లేని అడవిలోనో ఏటి ఒడ్డునో భుజాన మోసుకెళ్లిన సామానుతోనే రాత్రి గడపడం క్యాంపింగ్‌లో అన్నిటికన్నా పాత పద్ధతి. రిసార్టుల వాళ్లు ముందే వేసి, పరుపులు పరిచి ఉంచే గుడారాలకూ దీనికీ పోలిక లేదు. ఇక్కడ నీళ్లు తెచ్చుకోవడం, పొయ్యి రాజేసుకోవడం, పడక సర్దుకోవడం, తెల్లవారాక చెత్త మూటగట్టుకుని వెనక్కి తేవడం అన్నీ వెళ్లినవాళ్ల పనే. ఇందులో గుడారం కొనడం తేలిక. అది ఎక్కడ వేయాలో, ఎక్కడ వేయకూడదో తెలియడమే అసలు విద్య.

హైదరాబాద్ పాతబస్తీ చుట్టూ ఈ విద్యకు మంచి చెడ్డల చరిత్ర చాలానే ఉంది. 1687లో గోల్కొండను ముట్టడించిన ఔరంగజేబు సేన సుమారు ఎనిమిది నెలలు కోట ఎదుట డేరాల్లోనే గడిపింది. వానలు మొదలయ్యేసరికి తవ్విన కందకాలు, కట్టిన మట్టిదిబ్బలు కొట్టుకుపోయాయి. మంజీర పొంగడంతో ధాన్యం బళ్లు ఆగి, శిబిరంలో తిండికి కటకటైంది. అంత పెద్ద సైన్యాన్ని ఫిరంగులకన్నా వానాకాలమే ఎక్కువ ఏడిపించింది. ఆ సెప్టెంబరులో కోట పడింది, అదీ లోపలివాళ్లు తలుపు తీయడం వల్ల.

రెండు శతాబ్దాల తర్వాత పాతబస్తీ ప్రభువులకు అడవి డేరా విలాసమైంది. పురానీ హవేలీలో నివాసమున్న ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ పెద్ద వేటగాడు. ఆయన వేట శిబిరాలంటే వందలకొద్దీ మనుషులు, ఏనుగులు, వంటశాలలతో అడవి మధ్య వెలిసే చిన్నపాటి పట్నాలు. 1902లో వైస్రాయ్ కర్జన్ వరంగల్ ప్రాంతంలోని నెక్కొండ దగ్గర వేటాడినప్పటి శిబిరం రాజా దీన్‌దయాళ్ ఫొటోల్లో ఇప్పటికీ కనిపిస్తుంది. ఆ ఫొటోల ముందువరసలో చచ్చిన పులులుంటాయి. ఆ వైభవంలో ఈనాడు నేర్చుకోదగ్గది ఏమీ లేదు, వంట తప్ప. పాతబస్తీలో రంజాన్ రాత్రుల్లో అమ్మే పత్థర్ కా గోష్త్ ఇలాంటి వేటలోనే పుట్టిందని చెప్పుకుంటారు: వంటవాళ్లు ఇనుప చువ్వలు మరచిపోయి వస్తే, దొరికిన నల్లరాతి పలకనే నిప్పుల మీద కాల్చి, మసాలా పట్టించిన మాంసాన్ని దానిపై వేయించారట. కథ నిజమైనా కాకపోయినా పద్ధతి మాత్రం పక్కా అడవి వంటే. పెనం అక్కర్లేదు, గిన్నె అక్కర్లేదు, కడిగే నీళ్లూ అక్కర్లేదు. రాయి మాత్రం ఏట్లో నానినది కాకూడదు. లోపల చేరిన తడి ఆవిరై రాయి పగిలి పెంకులు ఎగురుతాయి. గట్టు మీద ఎండలో పడి ఉన్న రాయినే తీసుకోవాలి.

వేట కోసం కాక మనుషుల కోసం డేరా వేసినవాడు క్రిస్టాఫ్ వాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్. 1940లలో నిజాం రాజ్యంలో ఉండిపోయిన ఈ ఆస్ట్రియా మానవశాస్త్రవేత్త భార్య బెట్టీతో కలిసి నల్లమల చెంచుల దగ్గర, గోదావరి ఒడ్డు కొండరెడ్ల దగ్గర, ఆదిలాబాద్ రాజగోండుల దగ్గర శిబిరాలు వేసుకుని బతికాడు. చెంచుల మీద ఆయన పుస్తకం 1943లో, కొండరెడ్ల మీదది 1945లో వచ్చాయి. ఆ దంపతుల సమాధులు ఆదిలాబాద్ అడవుల్లోని మార్లవాయిలో ఉన్నాయి. గుడారం వేయాల్సిన చోటు గురించి పెంటల్లో, అంటే తమ అడవి గూడేల్లో ఉండే చెంచులకు తెలిసినంత ఏ కంపెనీ కరపత్రానికీ తెలియదు. ఏ వాగులో ఏ నెల దాకా నీళ్లుంటాయో, ఎలుగుబంటి ఏ దారిన వస్తుందో వాళ్లకు తాతల నాటి నుంచి వస్తున్న లెక్క.

ఇక తెలుగునేల మీద ఏటి ఒడ్డు క్యాంపింగ్ అన్నిటికన్నా పెద్దగా జరిగేది మేడారంలో. రెండేళ్లకోసారి మాఘమాసంలో సమ్మక్క సారలమ్మ జాతరకు వచ్చే కుటుంబాలు జంపన్న వాగు పొడవునా, చుట్టూ ఉన్న తాడ్వాయి అడవిలోనూ నాలుగు గుంజలు, ఒక టార్పాలిన్ పట్టాతో గుడారాలు వేసుకుంటాయి. మూడు రాళ్లు పెట్టి వండుకుంటాయి, చాపల మీద పడుకుంటాయి. దీన్ని క్యాంపింగ్ అని ఎవరూ అనరు. కానీ పట్నం పిల్లలు వేలు పోసి నేర్చుకునే పనులన్నీ అక్కడి అవ్వలు అలవోకగా చేస్తారు. నేర్చుకోదలచినవాళ్లకు అంతకన్నా మంచి బడి లేదు.

చోటు ఎంచుకునేటప్పుడు మొదట చూడాల్సింది ఏరు ఎంత ఎత్తుకు వస్తుందన్నది. ఈ విషయంలో పాతబస్తీకి చెప్పాల్సిన పని లేదు. 1908 సెప్టెంబరు 28న మూసీ ఊరిని ముంచేసింది. శంషాబాద్‌లో 24 గంటల్లో 12.8 అంగుళాల వాన పడింది. ఎగువన రెండు వందలకు పైగా చెరువులు తెగి, ఆ నీరంతా ఒక్కసారిగా నదిలోకి దిగింది. సుమారు 15 వేల మంది చనిపోయారని అంచనా. అఫ్జల్‌గంజ్‌లో ఒక చింతచెట్టు ఎక్కి 150 మంది దాకా ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ చెట్టు నేటికీ ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఉంది. ఆ వరద తర్వాతే మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ వచ్చాయి. గుడారం వేసేవాళ్లు గుర్తుపెట్టుకోవాల్సింది ఒక్కటే: వరద తెచ్చే వాన మన నెత్తిన పడాల్సిన అవసరం లేదు. ఎగువన ఎక్కడో పడితే చాలు.

ఆనకట్టలు వచ్చాక ఈ ప్రమాదం తగ్గలేదు, రూపం మార్చుకుంది. 2014 జూన్ 8న హిమాచల్‌ప్రదేశ్‌లోని బియాస్ నదిలో రాళ్ల మీద నిలబడ్డ హైదరాబాద్ ఇంజినీరింగ్ విద్యార్థులు 24 మంది కొట్టుకుపోయారు. అప్పుడు వాన లేదు. ఎగువన ఉన్న లార్జీ డ్యామ్ నుంచి నీళ్లు వదిలారు. కృష్ణ మీదైనా గోదావరి మీదైనా డ్యామ్‌కు దిగువన ఇసుక తిన్నె ఎంత అందంగా ఉన్నా అది పడుకునే చోటు కాదు. గట్టు మీద చెట్ల మొదళ్లకు, ముళ్లకంపలకు చుట్టుకున్న ఎండు గడ్డి, చెత్త ఎంత ఎత్తున ఉన్నాయో చూస్తే కిందటి వరద మట్టం తెలిసిపోతుంది. గుడారం ఆ గీతకు బాగా పైనే ఉండాలి. వాగు ఒడ్డునైతే లేచి పరుగెత్తడానికి గట్టు వైపు దారి ఉందో లేదో వెలుతురుండగానే చూసుకోవాలి. రాత్రి నీటి చప్పుడు మారినా, తేట నీరు ఉన్నట్టుండి బురదరంగు తిరిగినా, పుల్లలూ ఆకులూ కొట్టుకొచ్చినా సామాను సంగతి మరచి పైకి ఎక్కాలి.

తర్వాత తల పైకెత్తి చూడాలి. ఎండు కొమ్మ వేలాడే చెట్టు కింద గుడారం వేయకూడదు. ఒంటరి చెట్టు పిడుగును పిలుస్తుంది. కింద పుట్టలు, చీమల బారులు, జంతువులు నీళ్లకు దిగే కాలిబాట ఉన్నా వేరే చోటు చూసుకోవాలి. నేల ఒకవైపు కొంచెం వాలుగా ఉంటే వాన నీరు నిలవదు. తల ఎత్తు వైపు ఉండేలా పడుకుంటే సరిపోతుంది. లోయ అడుగున చలి పేరుకుంటుంది కాబట్టి మాఘమాసపు రాత్రుల్లో కాస్త మెరక మీదే వెచ్చగా ఉంటుంది.

సామాను గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. రెండు చెట్ల మధ్య నడుమెత్తులో మోకు బిగించి, దాని మీద టార్పాలిన్ వేసి, నాలుగు మూలలా మేకులు దిగ్గొడితే గుడారం అయినట్టే. పట్టా, తాళ్లు బేగంబజార్, ఉస్మాన్‌గంజ్ వైపు దొరుకుతాయి. పురానాపూల్ దగ్గర జుమ్మేరాత్ బజార్‌లో గురువారం నాడు పాత ఇనుప సామాను గాలిస్తే మేకులు, సుత్తి తక్కువకే వస్తాయి. అయితే నాలుగు వైపులా తెరిచి ఉన్న పట్టా కింద నేల మీద పడుకోవడం మన అడవుల్లో మంచిది కాదు. కట్లపాము రాత్రిపూట తిరుగుతుంది, నేల మీద నిద్రపోయేవాళ్ల పక్కలోకి చేరుతుంది. దాని కాటు నొప్పి తెలియకపోవచ్చు, వాపూ ఉండకపోవచ్చు. తెల్లవారేసరికి రెప్పలు వాలిపోయి, ఊపిరి అందదు. అందుకే అడుగు కుట్టేసి, జిప్పు పూర్తిగా మూసుకునే గుడారమే వాడాలి, లేదా నవారు మంచమైనా ఉండాలి. చెప్పులు లోపల పెట్టుకోవాలి, టార్చి లేకుండా కాలు బయటపెట్టకూడదు. కాటు వేస్తే కోయడం, నోటితో పీల్చడం, గట్టిగా కట్టు కట్టడం వంటివేవీ చేయకుండా, కదలనివ్వకుండా పాము విషానికి మందు ఉండే ఆస్పత్రికి తీసుకెళ్లాలి. ఆ ఆస్పత్రి ఎక్కడుందో బయల్దేరే ముందే కనుక్కోవాలి.

దోమ పాముకన్నా చిన్నదే కానీ అడవుల్లో ఎక్కువమందిని పడుకోబెట్టింది అదే. మలేరియా క్రిమి దోమలో ఉంటుందని రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న కనిపెట్టింది బేగంపేటలోనే. కొండవాగుల తేట నీటిలో పెరిగే మలేరియా దోమలు కూడా ఉన్నాయి కాబట్టి, నీళ్లు శుభ్రంగా ఉన్నాయని దోమతెర మానేయకూడదు.

తాగే నీటికీ అదే మాట. ఏట్లో నేరుగా ముంచుకోవడంకన్నా ఒడ్డుకు కొంచెం ఎడంగా ఇసుకలో చెలమ తవ్వి, మొదట ఊరిన బురద నీటిని రెండు మూడుసార్లు తోడేస్తే, తర్వాత ఇసుక వడకట్టిన నీరు వస్తుంది. మట్టినీరు తేరడానికి చిల్లగింజను పాత్ర లోపల అరగదీయడం పల్లెల్లో పాత పద్ధతి. మురికి అడుక్కు దిగుతుంది, రోగక్రిములు మాత్రం చావవు. ఏ నీరైనా తెర్లే దాకా కాచాల్సిందే. మలవిసర్జనకు నీటి నుంచి కనీసం 60 మీటర్ల దూరం వెళ్లి, జానెడు లోతు గుంట తీసి, మళ్లీ పూడ్చాలి. ఇది పాటించని గుంపులు వాగును పాడుచేస్తాయి. ఆ వాగు దిగువన పశువులూ పల్లెలూ ఉంటాయి.

నిప్పు విషయంలో కచ్చితంగా ఉండాలి. మన అడవులు చాలావరకు ఆకురాల్చేవి. శివరాత్రి దాటాక టేకు, మోదుగ, తునికి ఆకులు ఎండి నేలంతా పరుచుకుని ఉంటాయి. ఒక్క రవ్వతో కొండలు కాలిపోతాయి. నిప్పు పెట్టడానికి అనుమతి ఉన్న చోట కూడా చుట్టూ ఆకులు ఊడ్చి, ఇసుకలో గుంట చేసి, రాలిన పుల్లలతో చిన్న మంట వేయాలి. వెళ్లేముందు నీళ్లు పోసి, కలియబెట్టి, బూడిద చేతికి చల్లగా తగిలేదాకా ఆగాలి. మారేడుమిల్లి వైపు బొంగులో కోడిమాంసం కూరి, ఆకుతో మూతి బిగించి కాల్చే వంటకు నూనె కూడా అక్కర్లేదు. అయితే ఆ బొంగు అడవిలో నరికింది కాకూడదు, ఊళ్లో కొన్నది కావాలి.

రిజర్వు అడవిలో అనుమతి లేకుండా అడుగుపెట్టడం, నిప్పు రాజేయడం 1967 నాటి అటవీ చట్టం ప్రకారం నేరం. అభయారణ్యాలకు 1972 వన్యప్రాణి రక్షణ చట్టం ఇంకా కఠినం. ఇది వేధింపు కాదు. 2,611 చదరపు కిలోమీటర్ల అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో శ్రీశైలం రోడ్డును సైతం రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసేస్తారు. పులి, ఎలుగు, కణుజు తిరిగే వేళ అది. అక్కడ రాత్రి ఉండాలంటే మన్ననూరులో అటవీశాఖ ఇచ్చే వసతి ఉంది. చైత్ర పౌర్ణమికి సలేశ్వరం లింగమయ్య దర్శనానికి అడవి తలుపులు తెరిచేది కూడా కొద్ది రోజులే. గోదావరి మీదైతే పాపికొండల నడుమ కొల్లూరు ఇసుక తిన్నెల మీద వెదురు గుడిసెల్లో రాత్రి గడపడం ఒకప్పుడు తెలుగువాళ్లకు బాగా తెలిసిన యాత్ర. మారేడుమిల్లి దగ్గర వాలమూరులో గిరిజనులే నడిపే జంగిల్ స్టార్ శిబిరం ఏటి పక్కనే ఉంది. డబ్బు ఊరివాళ్లకు చేరే ఇలాంటి చోట్లకే వెళ్లాలి.

పాతబస్తీ నుంచి మొదటిసారి వెళ్లేవాళ్లకు వికారాబాద్ వైపే అనువు. చార్మినార్ నుంచి సుమారు 80 కిలోమీటర్లలో అనంతగిరి కొండలు, ఇంకొంచెం ముందుకు పోతే కోట్‌పల్లి ప్రాజెక్టు. కార్తీకం నుంచి మాఘం దాకా మంచి కాలం. ఇప్పపూలు రాలే రోజుల్లో ఎలుగుల వల్ల, వానాకాలంలో వాగుల వల్ల మానుకోవాలి. అటవీశాఖ అనుమతి తీసుకుని, దగ్గరి ఊళ్లో ఎవరికైనా చెప్పి, చీకటి పడకముందే గుడారం వేసుకోవాలి. పాటలపెట్టె ఇంట్లోనే వదిలేయాలి. అనంతగిరిలోనే మూసీ పుడుతుంది. అక్కడి నుంచి గండిపేట (ఉస్మాన్‌సాగర్) చెరువుకు వచ్చి, పురానాపూల్ కిందుగా సాగి, వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. కొండ మీద వదిలేసిన ప్లాస్టిక్ కవరు కొట్టుకొచ్చేది ఈ ఊరి నీళ్లలోకే. కాబట్టి వెళ్లే ప్రతి ఒక్కరూ తాము తీసుకెళ్లిన చెత్తతో పాటు అక్కడ కనిపించిన చెత్తను కూడా ఒక సంచిలో వేసుకుని వెనక్కి తీసుకురావాలి.