గన్నవరమునుండి విదేశములకు విమానములు

విజయపురి సౌత్ రైతునకు విమానముతో నేమి పని యని కొందఱడుగుదురు. పని గలదు, విమానపు లోటునకు ప్రజాధనమును పూచీ పడినది.

విజయవాడ కేంద్రముగా 2013 అక్టోబరులో వెలసిన ఎయిర్ కోస్టా యను చిన్న సంస్థ అద్దె విమానములతో దేశములోపలనే తిరిగి, ధనము చాలక 2017 ఫిబ్రవరిలో నిలిచిపోయెను. 2018 డిసెంబరు 4న ఇండిగో సంస్థ గన్నవరమునుండి సింగపూరునకు విమానము నడిపెను. సీట్లు నిండనిచో లోటును రాష్ట్రప్రభుత్వము భరించు నొడంబడికతో సాగిన యా సర్వీసు 2019లో ఆగెను. 2022 అక్టోబరు 31న ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ షార్జాకు సర్వీసు మొదలిడెను.

సీట్లు నిండినను నిండకున్నను చమురు, అద్దె, జీతములు తప్పవు. మన సంఘమునకును నిదియే న్యాయము. సోదరులారా! మూలధనమును, నిలుకడగల గిరాకిని చూచుకొనియే క్రొత్త వ్యాపారమునకు దిగుదము.