పడవ యెక్కిన గ్రంథాలయము

ఊరిలో గ్రంథాలయము వెలసినంత మాత్రమున ఊరివారెల్లరు దానికి వత్తురని తలచుట పొరపాటు. చదువు రానివాడు అది తనకు గాదనుకొనును. ఇంటిపనులతో తీరిక లేని ఇల్లాలు అది మగవారి కూటమి యనుకొనును. చిరిగిన చొక్కా తొడుగుకొన్న బాలుడు తన్ను లోపలికి రానిత్తురో లేదోయని గుమ్మము కడనే నిలిచిపోవును. ఇది నీకొఱకే యని ఒక మనిషి వచ్చి చెప్పనంతవరకు, ఎంతటి సేవయైనను అట్టివారికి పరాయిదే.

ఈ సత్యమును ఆంధ్రదేశపు గ్రంథాలయోద్యమకారులు బాగుగా నెఱింగిరి. 1914 ఏప్రిల్ 10వ తేదీన బెజవాడలో, చిలకమర్తి లక్ష్మీనరసింహముగారి అధ్యక్షతన, గ్రంథాలయ ప్రతినిధుల తొలి మహాసభ జరిగెను. ఆ సభకు పూనిక వహించిన అయ్యంకి వేంకట రమణయ్యగారును వారి సహచరులును తీర్మానములతో తృప్తి నొందక, గ్రంథాలయ యాత్రల పేర పల్లెలకు కదలిరి. యాత్ర యనగా భక్తుడు దైవమున్న చోటికి పోవుటయని మనమెఱుగుదుము. ఈ యాత్రలలో సరస్వతియే చదువరి యున్న చోటికి బయలుదేఱినది.

అందును 1935లో పాతూరి నాగభూషణముగారు నెలకొల్పిన పడవ గ్రంథాలయము నాకు మిక్కిలి ప్రియమైనది. పెదవడ్లపూడి నుండి కొల్లూరు వరకు సాగు కాలువలో పడవ ప్రయాణము నాడు తొందర యెఱుగనిది. ఎక్కినవారు దిగు రేవు వచ్చువరకు కూర్చుండవలసినదే. ఆ తీరికనే ఆయన పఠనకాలముగ మలచెను. జనులను క్రొత్త చోటికి పిలువలేదు. వారు ముందే కూర్చున్న చోట పుస్తకము నుంచెను. ప్రచారమునకు ఇంతకు మించిన సూత్రము వేఱొకటి కలదా?

నేడు పడవలు పోయినవి గాని, మనుష్యులు గుమిగూడు తావులు పోలేదు. వారపు సంతయు, రామనవమి పందిరియు, రచ్చబండయు, బడి విడుచు వేళయు నున్నవే. దండోరా వేయించినను, గోడపై కాగితమంటించినను అందు ఏ దినమున, ఏ చోట, ఎవరిని అడుగవలెనో తేటగా నుండవలెను. ఆపై చదువు రానివారి యింటికి పోయి, “అమ్మా, మీ పాపను పంపండి, నేను దగ్గర కూర్చుండబెట్టి చదివించెదను” అని చెప్పవలెను. అంటించిన కాగితము వానకు తడిసిపోవును. ఇంటికి వచ్చి పిలిచిన పిలుపును తల్లి మఱువదు.

మఱియొక విశేషము. 1960 నాటి ఆంధ్రప్రదేశ్ గ్రంథాలయ చట్టము ననుసరించి ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను వసూలగుచున్నది. కనుక ఇంటిపన్ను కట్టు ప్రతి కుటుంబమును ఈ సేవకు ముందే మూల్యము చెల్లించినది. తాము చెల్లించినట్లు చాలమందికి తెలియకుండుటయే శోచనీయము.

నవంబరు 14 నుండి 20 వరకు గ్రంథాలయ వారోత్సవములు జరుగును. చదువరీ, ఆ వారమున సభకు పోయి చప్పట్లు కొట్టి తిరిగిరావలదు. మీ వీథిలో పది యిండ్ల తలుపులు తట్టి, ఒక్క పిల్లవానినైనను చేయి పట్టి గ్రంథాలయపు గుమ్మము దాటింపుడు.