పేరులో మిగిలిన తీపి

ఒకప్పుడు మహాజనపదానికి రాజధాని. జైన పురాణాల్లో బాహుబలి ఏలిన నేల. నిజాం కాలంలో చక్కెరకు చిరునామా. బోధన్ చరిత్ర తెలుసుకోవాలంటే అక్కడి పేర్లను కాస్త కదిలిస్తే చాలు!

మాక్లూర్ నుంచి నిజామాబాద్ మీదుగా పడమటికి వెళ్తే, జిల్లా కేంద్రం దాటిన పాతిక కిలోమీటర్లకు బోధన్ వస్తుంది. ఇప్పుడు చూడటానికి మామూలు పట్టణమే. కానీ బుద్ధుడి కాలంనాటి 16 మహాజనపదాల్లో దక్షిణాదిన ఉన్నది ఒక్కటే... అస్మక. దాని రాజధాని పోదన ఈ బోధనేనన్నది చాలామంది చరిత్రకారుల మాట. వేములవాడ చాళుక్యులు కూడా మొదట ఇక్కడి నుంచే పాలించారు.

శ్రావణ బెళగొళకూ దీనికీ చుట్టరికం ఉంది. పోదనపురంలోని బాహుబలి విగ్రహాన్ని చూడాలని చాముండరాయని తల్లి కోరుకుందట. అది కుదరకే పదో శతాబ్దంలో ఆయన అక్కడ గోమఠేశ్వరుణ్ని చెక్కించాడని జైనుల కథ. ఆ జైన వైభవానికి గుర్తు ఇప్పటికీ ఊళ్లోనే ఉంది. నక్షత్రాకారంలో కట్టిన ఆలయం తుగ్లక్‌ల కాలంలో మసీదైంది. జనం దాన్ని దేవల్ మసీదు అంటారు. దేవల్ అంటే గుడి. రెండు కాలాలూ ఒక్క పేరులో ఇమిడిపోయాయి!

నీళ్లొచ్చాయి... చెరుకొచ్చింది

ఈ ప్రాంతం దశ తిప్పింది మంజీర. 1923లో మొదలైన నిజాంసాగర్ నిర్మాణం 1931కి పూర్తయింది. దాని రూపకర్త ఇంజినీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్. కాలువ నీళ్లు పారాక కోస్తా జిల్లాల రైతులు కుటుంబాలతో వచ్చి ఇక్కడ భూములు కొన్నారు. వాళ్లు గుడిసెలు వేసుకున్న చోట్లే ఊళ్లయ్యాయి. బోధన్, వర్ని, కోటగిరి వైపు చాలా ఊళ్ల పేర్ల చివర 'క్యాంపు' అని ఉండటం అందుకే.

నీళ్లుంటే చెరుకు, చెరుకుంటే చక్కెర. 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలిసింది. ఆసియాలోకెల్లా పెద్దదని పేరు పొందింది. దాని చుట్టూ కార్మికుల క్వార్టర్లతో ఏర్పడ్డ కాలనీయే శక్కర్‌నగర్. శక్కర్ అంటే చక్కెరే. సీజనులో చెరుకు బండ్లు బారులు తీరేవి. రైతింట పెళ్లయినా, పిల్లల చదువైనా చెరుకు డబ్బు మీదే ఆధారం.

చల్లారిన పొయ్యి

ప్రభుత్వ సంస్థగా నడిచిన ఫ్యాక్టరీలో మెజారిటీ వాటా 2002లో ప్రైవేటు చేతికి వెళ్లింది. 2015 డిసెంబరులో లేఆఫ్ ప్రకటించడంతో క్రషింగ్ ఆగిపోయింది. కార్మికులు వీధిన పడ్డారు. చెరుకు కొనేవాళ్లు దగ్గర్లో లేక రైతులు వరికి మళ్లారు. తెరిపిస్తామన్న హామీలు మాత్రం ఆ తర్వాతా వినిపిస్తూనే వచ్చాయి.

అస్మకుల రాజ్యం పోయినా పోదన పేరు బోధన్‌గా బతికింది. గుడి మసీదైనా 'దేవల్' చెరగలేదు. శక్కర్‌నగర్ పేరూ అలాగే నిలుస్తుంది, అందులో అనుమానం లేదు. కానీ రాజ్యాలు పోయి వందల ఏళ్లయింది. చక్కెర ఆగింది మాత్రం నిన్నమొన్ననే. అక్కడ పనిచేసిన చేతులు, చెరుకు పండించిన చేతులు ఇంకా ఊళ్లోనే ఉన్నాయి. వాళ్లకు కావలసింది పేరు కాదు, పని!