దాతకూ బడికీ నడుమ

2013 కంపెనీల చట్టంలోని 135వ సెక్షన్ ఒక కొత్త వృత్తికి బలం చేకూర్చింది. పెద్ద కంపెనీలు తమ మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలన్న నిబంధన 2014 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చింది. ఆ సొమ్ములో గణనీయమైన భాగం విద్యారంగానికి వెళుతోంది. దానిని ఏ సంస్థకివ్వాలి, ఏ జిల్లాలో వెచ్చించాలి, ఫలితాన్ని దేనితో కొలవాలి? కంపెనీకి ఈ సలహా చెప్పేది కన్సల్టెంటు. నిధులు అడిగే స్వచ్ఛంద సంస్థకు భాష నేర్పేదీ కన్సల్టెంటే. పెద్ద ప్రాజెక్టులపై స్వతంత్ర సంస్థతో ప్రభావ మదింపు చేయించాలని 2021 సవరణలు చెప్పాక ఆ పీఠం మరింత స్థిరపడింది.

ఈ వృత్తిలోకి దారి ఎటునుంచి? పేరున్న మేనేజ్‌మెంట్ విద్యాలయం లేదా విదేశీ పట్టా, రెండేళ్ల ఫెలోషిప్, కన్సల్టింగ్ కంపెనీలో కొలువు, ఆపైన సొంత సలహా సంస్థ. నోటిఫికేషన్ లేదు, రోస్టర్ లేదు. పరిచయాలే పెట్టుబడి. మన దేశంలో పరిచయాలు కులం గీసిన గీతను దాటి ఎంత దూరం పోతాయో చదువరులకు చెప్పనక్కరలేదు. వ్యక్తులుగా వీరిలో నిజాయితీపరులకు కొదవ లేదు. కానీ వాడల నుంచి, తండాల నుంచి సర్కారు బడికి వచ్చే పిల్లల చదువును నిర్ణయించే గదిలో ఆ బడిలో చదివినవారు అరుదు.

ఫలితం కొలమానంలో కనిపిస్తుంది. అయిదో తరగతి పిల్ల రెండో తరగతి పాఠం చదవగలదా అని 2005 నుంచి అసర్ సర్వేలు అడుగుతున్నాయి. అడగవలసిన ప్రశ్నే. నిధుల దరఖాస్తులో అదొక్కటే ప్రశ్నగా మిగిలితే, దళిత మహిళ వండిన మధ్యాహ్న భోజనాన్ని ఎవరు ముట్టలేదో, బడి మరుగుదొడ్డి ఎవరి పిల్లలచేత కడిగించారో ఏ గడిలోకీ ఎక్కదు. గడిలోకి ఎక్కనిదానికి పైసా రాలదు. ‘సామాజికంగా వెనుకబడిన వర్గాల’ అసమానతలు తగ్గించడమనే మాట చట్టం ఏడో షెడ్యూలులోనే ఉంది. నివేదికల్లోకి వచ్చేసరికి అది ‘అండర్‌సర్వ్‌డ్ కమ్యూనిటీస్’ అయిపోతుంది. కులం పేరెత్తకుండా కులపీడితులకు సేవ చేయడం కూడా ఒక విద్యే!

భాగ్యరెడ్డి వర్మ 1910లో హైదరాబాద్‌లో ఆది హిందువుల పిల్లలకు బడి పెట్టారు. ఆ కృషికి అండగా నిలిచిన దాతల్లో పై కులాల సంస్కర్తలూ ఉన్నారు. అయితే పిల్లలకు ఏమి కావాలో వారికి చెప్పింది మాల కుటుంబంలో పుట్టిన ఆ మనిషి. ఇవాళ ఒక దళితవాడలో సాయంకాలపు బడి నడిపే యువకుడు కంపెనీ తలుపు తట్టాలంటే మూడేళ్ల అనుభవానికి రుజువు, 12ఎ, 80జి నమోదు, సీఎస్ఆర్-1 ఫారం కావాలి. ఆడిటరు రుసుము ఉండాలి. ఇంగ్లిషులో ప్రతిపాదన ఉండాలి.

సలహా సంస్థలు తమ ఉద్యోగుల, బోర్డు సభ్యుల సామాజిక నేపథ్యాన్ని ఏటా ప్రకటించాలని నిధులిచ్చేవారు షరతు పెట్టవచ్చు. కన్సల్టెంటుకు చెల్లించే రుసుములో కొంత ఆ యువకుడి కాగితాలకూ, ఆడిటుకూ కేటాయించవచ్చు. ప్రతిపాదనను తెలుగులో స్వీకరించవచ్చు. వీటిలో దేనికీ చట్ట సవరణ అవసరం లేదు.