సంక్రాంతి సున్నం – కొంచెం రసాయనం

సంక్రాంతి సెలవులకు ఇంటికెళ్లగానే మన చేతికొచ్చేది సున్నం కుంచె. రాతి సున్నం నీళ్లలో వేస్తే ఎందుకు కుతకుత ఉడుకుతుంది? కాల్షియం ఆక్సైడ్ హైడ్రాక్సైడ్‌గా మారుతూ వేడిని వెలువరిస్తుంది కనుక. గోడకు పూశాక అది గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకొని తిరిగి సున్నపురాయిగా గట్టిపడుతుంది. కాబట్టి ముందుగా గోడ తడపాలి, పల్చగా రెండు మూడు పూతలు వేయాలి, చలివేసినా కిటికీలు తెరిచి ఉంచాలి. త్వరగా ఆరాలని తలుపులు మూసి కుంపటి పెడితే కార్బన్ మోనాక్సైడ్ ప్రాణాలు తీయవచ్చు. సున్నం కంట్లో పడితే చూపే పోవచ్చు. రుద్దకుండా, వెంటనే మంచినీటి ధారతో కనీసం 20 నిమిషాలు కడిగి ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఈ పనిని మన అమ్మానాన్నలు చేసి నేర్చుకున్నారు. దాని కారణాన్ని మేము తరగతిలో నేర్చుకున్నాం. రెండూ కలిస్తేనే ఇల్లు తెల్లగా, కళ్లు చల్లగా ఉంటాయి.