ముహూర్తం ఆగదు.. వెలుతురు చాలదు
రాత్రి పెళ్లిళ్ల చిత్రీకరణకు లెన్సు ఎంపికలో మెలకువలు

అర్ధరాత్రి దాటిన తరువాత సుముహూర్తం. వధూవరులు ఒకరి శిరస్సుపై ఒకరు జీలకర్ర బెల్లం ఉంచుతారు. అడ్డుతెర తొలగుతుంది. తొలిచూపులు కలుస్తాయి. ఈ తంతు అంతా కొన్ని క్షణాల్లో ముగుస్తుంది. ఆ క్షణంలో తీసిన చిత్రం మసకబారితే మరోసారి కానివ్వండని పురోహితుడిని అడిగే వీలుండదు. ఏళ్ల తరబడి ఇంట్లో దాచుకోవలసిన జ్ఞాపకం చెదిరిపోతుంది. ఫొటోగ్రాఫర్‌కు రావలసిన బాకీతో పాటు పేరు కూడా పోతుంది.

కాకినాడ జిల్లా అన్నవరంలో రత్నగిరిపై శ్రీ వీరవెంకట సత్యనారాయణ స్వామి సన్నిధిలో మంచి ముహూర్తం ఉన్న రాత్రి అనేక జంటలు ఒక్కటవుతాయి. ఒక పెళ్లి పక్కనే మరొక పెళ్లి జరుగుతుంటుంది. అటువంటి చోట సొంత లైట్లు, గొడుగులు నిలబెట్టుకునే స్థలం అన్నివేళలా దొరకదు. ఊళ్లలో ఇంటిముందు వేసే పందిళ్లదీ ఇదే పరిస్థితి. అక్కడ ఉన్న వెలుతురుతోనే పని సాగించాలి. ఖరీదైన కెమెరా కొన్నవారు సైతం ఇక్కడే తడబడుతుంటారు. కారణం చాలాసార్లు కెమెరా కాదు, దాని ముందున్న లెన్సు.

చూడవలసినది ఆ చిన్న అంకె

ప్రారంభ స్థాయి కెమెరాలతో పాటు ఎక్కువగా వచ్చేది 18-55 ఎంఎం జూమ్ లెన్సు. దానిపై ఎఫ్ 3.5-5.6 అని ముద్రించి ఉంటుంది. లెన్సులోని వెలుతురు ద్వారం, అంటే అపెర్చర్, ఎంతవరకు తెరుచుకుంటుందో ఈ అంకె చెబుతుంది. అంకె ఎంత తక్కువైతే ద్వారం అంత పెద్దది. దగ్గరగా చూపించేందుకు జూమ్ చేసినకొద్దీ ఈ లెన్సు ద్వారం ఎఫ్ 5.6కు తగ్గిపోతుంది. ఎఫ్ 2.8 లెన్సు దీనికి నాలుగు రెట్ల వెలుతురును లోపలికి పంపుతుంది. ఎఫ్ 1.8 లెన్సు దాదాపు పది రెట్లు పంపుతుంది.

ఈ తేడా చిత్రంలో ఎలా కనిపిస్తుందో ఒక ఉదాహరణతో గ్రహించవచ్చు. ఇంట్లో రాత్రివేళ ఉండే దీపాల స్థాయి వెలుతురులో ఐఎస్‌ఓ 3200 వద్ద ఫొటో తీస్తున్నారనుకుందాం. ఎఫ్ 5.6 లెన్సుతో షట్టర్ సెకనులో 30వ వంతు సేపు తెరిచి ఉంచాలి. ఎఫ్ 2.8తో అయితే 125వ వంతు చాలు. ఎఫ్ 1.8తో సుమారు 300వ వంతుకు వెళ్లవచ్చు. సెకనులో 30వ వంతులో కూర్చున్నవారి ముఖాలు నిలిచినా మంగళసూత్రం ముడివేస్తున్న చేతులు అలికినట్లు వస్తాయి. తలంబ్రాలు పోసే వేళ చేతులు స్పష్టంగా నిలవాలంటే కనీసం 250వ వంతైనా అవసరం. గాలిలోని గింజలు సైతం విడివిడిగా కనబడాలంటే ఇంకా వేగం కావాలి.

లెన్సులో చేతి వణుకును సరిచేసే స్టెబిలైజర్ ఉంది కదా అని కొందరు ధీమాగా ఉంటారు. అది ఫొటోగ్రాఫర్ చేతి కదలికను మాత్రమే సరిచేస్తుంది. ఎదుటివారి కదలికను ఆపలేదు. దేవాలయ గోపురానికి ఉపయోగపడే ఆ సదుపాయం తలంబ్రాలకు అక్కరకు రాదు.

రెండు ముఖాల చిక్కు

ద్వారం పెద్దదైతే చాలనుకోవడమూ పొరపాటే. ద్వారం తెరిచినకొద్దీ స్పష్టంగా కనిపించే లోతు తగ్గిపోతుంది. ఫుల్‌ఫ్రేమ్ కెమెరాపై 50 ఎంఎం లెన్సును ఎఫ్ 1.8 వద్ద ఉంచి రెండు మీటర్ల దూరం నుంచి తీస్తే స్పష్టత ఉండేది సుమారు 17 సెంటీమీటర్ల మేరకే. అదే దూరంలో 85 ఎంఎం లెన్సుతో అది సుమారు 6 సెంటీమీటర్లకు పడిపోతుంది. వరుడి భుజం వెనుక నుంచి తీస్తే వధువు కళ్లు స్పష్టంగా ఉండి వరుడి ముఖం మసకబారడం ఇందువల్లనే.

అమెరికా అంతరిక్ష సంస్థ నాసా కోసం జర్మనీకి చెందిన జీస్ సంస్థ రూపొందించిన ఎఫ్ 0.7 లెన్సుతో దర్శకుడు స్టాన్లీ కుబ్రిక్ 1975లో విడుదలైన బ్యారీ లిండన్ చిత్రంలోని కొన్ని దృశ్యాలను కొవ్వొత్తుల వెలుగులోనే తీశారు. స్పష్టత ఉండే లోతు అతి స్వల్పం కావడంతో ఆ దృశ్యాల్లో నటుల కదలికలను బాగా పరిమితం చేయవలసి వచ్చింది. పెళ్లిపీటలపై ఉన్నవారిని అలా కదలవద్దని కట్టడి చేయలేం. కాబట్టి ఫొటోగ్రాఫరే తన చోటు మార్చుకోవాలి. ఇద్దరి ముఖాలూ కెమెరాకు సమాన దూరంలో ఉండేలా పక్కనుంచి నిలబడితే ఎఫ్ 2 వద్ద కూడా ఇద్దరూ స్పష్టంగా వస్తారు. ముందూ వెనుకా ఉంటే ఎఫ్ 2.8 నుంచి 4 వరకు తగ్గించుకుని, ఐఎస్‌ఓ పెంచుకోవడం మేలు. చిత్రంలో కొద్దిగా గరుకు కనిపించినా ఫర్వాలేదు. కదిలిపోయిన ముఖాన్ని మాత్రం ఏ సాఫ్ట్‌వేరూ పూర్తిగా బాగుచేయలేదు.

ఏ లెన్సు దేనికి?

ముందుగా తమ కెమెరా సెన్సర్ పరిమాణం తెలుసుకోవాలి. చిన్న సెన్సర్, అంటే ఏపీఎస్-సి కెమెరాపై 50 ఎంఎం లెన్సు నికాన్, సోనీల్లో 75 ఎంఎం మాదిరిగా, కెనాన్‌లో 80 ఎంఎం మాదిరిగా చూపిస్తుంది. మండపం వద్ద బంధువులు, వీడియో తీసేవారు మూగి ఉండగా వెనక్కు జరిగేందుకు చోటుండదు. అందువల్ల చిన్న సెన్సర్ కెమెరా ఉన్నవారికి 35 ఎంఎం, ఫుల్‌ఫ్రేమ్ ఉన్నవారికి 50 ఎంఎం ఎఫ్ 1.8 లెన్సు మొదటి కొనుగోలుగా తగినది. పెద్ద ద్వారం ఉన్న లెన్సుల్లో ఇవే తక్కువ ధరకు దొరుకుతాయి.

వృత్తిగా పెళ్లిళ్లు ఒప్పుకొనేవారికి తరువాతి మెట్టు ఎఫ్ 2.8 జూమ్. ఫుల్‌ఫ్రేమ్‌కు 24-70 ఎంఎం, చిన్న సెన్సర్‌కు 17-50 ఎంఎం తరహావి అనువైనవి. ఎంత జూమ్ చేసినా వీటి ద్వారం తగ్గదు. కుటుంబ సభ్యుల బృందచిత్రం, పీటల మీది దంపతులు, వధువు చేతి గోరింటాకు అన్నీ లెన్సు మార్చకుండానే తీయవచ్చు. 85 ఎంఎం లెన్సు ఒంటరి చిత్రాలకు, అప్పగింతల వేళ దూరం నుంచి భావాలను పట్టేందుకు బాగుంటుంది. 70-200 ఎంఎం ఎఫ్ 2.8 ఖరీదు, బరువు రెండూ ఎక్కువే. సీజనులో కొద్ది రోజుల అవసరానికి అప్పు చేసి కొనే బదులు అద్దెకు తెచ్చుకోవడం నయం.

ఫ్లాష్ ఉండగా లెన్సు ఎందుకు?

ఫ్లాష్ వెలుగు దూరం రెట్టింపైతే నాలుగో వంతుకు తగ్గిపోతుంది. అందుకే ముందున్న ముఖాలు తెల్లబోయి వెనుక మండపం, బంధువులు చీకట్లో కలిసిపోతారు. హోమగుండం కాంతి, దీపాల పసిమి చిత్రంలో మిగలవు. ఫ్లాష్‌ను పైకప్పు వైపు తిప్పి వెలుగును పరచవచ్చు గానీ దానికి తెల్లని, తక్కువ ఎత్తు కప్పు ఉండాలి. రంగుల షామియానా కింద ఆ వస్త్రపు రంగే ముఖాలకు అంటుకుంటుంది. ఆరుబయట పైకి తిప్పిన వెలుగు తిరిగి రాదు. పెద్ద ద్వారం లెన్సు ఉంటే ఫ్లాష్‌ను స్వల్ప శక్తితో తోడుగా వాడుకుంటే సరిపోతుంది.

ఎల్‌ఈడీ అలంకరణలతో మరో ఇబ్బంది ఉంది. మన విద్యుత్తు 50 హెర్ట్జ్ కావడంతో నాసిరకం దీపాలు సెకనుకు 100 సార్లు మినుకుమంటాయి. కంటికి కనిపించని ఈ మినుకు వేగమైన షట్టర్‌లో నల్లని చారలుగా పడుతుంది. కదలిక లేని ఘట్టాల్లో షట్టర్‌ను 100వ వంతు వద్ద ఉంచడం, కెమెరాలో యాంటీ ఫ్లికర్ సదుపాయం ఉంటే వాడుకోవడం, మిర్రర్‌లెస్ కెమెరాల్లో మెకానికల్ షట్టర్ ఉంటే దానినే ఎంచుకోవడం దీనికి మందు.

పాత లెన్సు కొనేముందు

* టార్చి వెలుగును లెన్సు గుండా ప్రసరింపజేసి చూడాలి. లోపల సాలెగూడులాంటి పోగులు కనిపిస్తే అది బూజు. తేమ ఎక్కువగా ఉండే తీరప్రాంతాల్లో ఈ బెడద అధికం. కొన్న తరువాత సిలికా జెల్ పొట్లాలతో గాలి చొరని డబ్బాలో భద్రపరచాలి.
* నికాన్ డీ3000, డీ5000 తరగతి కెమెరాల్లో ఫోకస్ మోటారు ఉండదు. వాటిపై 50 ఎంఎం 1.8డి వంటి పాత లెన్సులు ఆటోఫోకస్ చేయవు. మోటారు లెన్సులోనే ఉన్న ఏఎఫ్-ఎస్ రకం తీసుకోవాలి.
* దుకాణంలోని ట్యూబులైట్ల కింద చూసి సంతృప్తి పడరాదు. సాయంత్రం మసక వెలుతురులో సొంత కెమెరాకు తగిలించి, ద్వారం పూర్తిగా తెరిచి, నడుస్తున్న మనిషిని తీసి చూడాలి.

పెళ్లివారు సైతం ఫొటోగ్రాఫర్‌తో ఒప్పందానికి ముందు ఒక జాగ్రత్త తీసుకోవడం మంచిది. ఆల్బంలో ఏరి కూర్చిన పది బొమ్మలతో సరిపెట్టుకోకుండా, రాత్రి జరిగిన ఒక పెళ్లి చిత్రాలను మొదటి నుంచి చివరి వరకు చూపమనాలి. జీలకర్ర బెల్లం, మాంగల్యధారణ, తలంబ్రాలు ఈ మూడూ స్పష్టంగా ఉన్నాయో లేదో చూస్తే చాలు. కెమెరా ఏ కంపెనీదని అడగనక్కరలేదు.